చీటీ వెనుక ప్రక్క

మా అనంతపురం సీమలో "బెంగళూరుకు తీసుకుపోండి" అన్న మాటకు ఒక ప్రత్యేకమైన బరువు ఉంది. ఏటా సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురిసే ఈ పీఠభూమిలో వానలు మొహం చాటేసిన ఏడు కూలి వెతుక్కుంటూ జనం పోయేది ఆ నగరానికే. ధర్మవరం పట్టుచీరలు పోయేదీ, చదువు ముగించిన పిల్లలు ఉద్యోగాలకు పోయేదీ అక్కడికే. జబ్బు ముదిరినప్పుడు కూడా అదే దారి. 44వ నంబరు జాతీయ రహదారి మీద సుమారు 210 కిలోమీటర్లు. బస్సులో నాలుగైదు గంటలు. హైదరాబాదు, విజయవాడ మాకు అంతకంటే చాలా దూరం.

ప్రభుత్వ వైద్యుడిగా ముప్పై ఏళ్ల పైచిలుకు పని చేశాను. పై వైద్యం కోసం బెంగళూరుకు పంపుతున్నట్లు ఎన్ని వందల చీటీలు వ్రాశానో నాకే లెక్క తెలియదు. ఒక వాక్యం, క్రింద సంతకం, ప్రక్కన ముద్ర. అంతటితో నా బాధ్యత తీరిందని అనుకునేవాడిని. అది తీరలేదని నాకు తెలియజెప్పిన ఇద్దరిని గురించి చెప్పి, ఆ తరువాత నగరానికి వైద్యం కోసం వెళ్లేవారు ప్రయాణాన్ని ఎలా సిద్ధం చేసుకోవాలో నాకు తెలిసినంతలో వ్రాస్తాను.

2002లో కరువు తీవ్రంగా ఉంది. కళ్యాణదుర్గం వైపు పల్లె నుండి ఒక రైతు భార్యను వెంటబెట్టుకొని వచ్చాడు. యాభై ఏళ్ల మనిషి. పొగాకు నమిలే అలవాటు. బుగ్గ లోపల మానని పుండు. చిన్న ముక్క తీసి పరీక్షకు పంపిస్తే క్యాన్సరు అని తేలింది. పుండు అప్పటికి చిన్నదే. మెడలో గడ్డలు చేతికి తగలలేదు. శస్త్రచికిత్సకు చక్కగా అందే దశ. నేను చీటీ వ్రాసి, ఆలస్యం చేయవద్దని గట్టిగా చెప్పి పంపించాను.

వారు ఆలస్యం చేయలేదు. రెండు గొర్రెలు అమ్మి, శనివారం రాత్రి బస్సెక్కి, ఆదివారం తెల్లవారేసరికి బెంగళూరు మెజెస్టిక్ బస్టాండులో దిగారు. దారి అడుగుతూ మధ్యాహ్నానికి ఆసుపత్రి చేరారు. ఆదివారం ఓపీ లేదు. రాత్రికి బస్టాండుకే తిరిగి వచ్చి పడుకున్నారు. సోమవారం పెద్ద వరుసలో నిలబడి లోపలికి వెళితే, పరీక్ష చేసిన గాజు స్లైడ్లు తెచ్చి చూపించమన్నారు. అది సరైన పద్ధతే. క్యాన్సరు చికిత్స మొదలుపెట్టే ముందు ఏ పెద్ద ఆసుపత్రి అయినా ఆ స్లైడ్లను తమ కంటితో మళ్లీ చూసుకుంటుంది. వారి చేతిలో ఉన్నది నా చీటీ, ఒక రిపోర్టు కాగితం మాత్రమే. డబ్బు అయిపోయింది. ఊరికి తిరిగి వచ్చేశారు. మళ్లీ డబ్బు కూడేసరికి నాలుగు నెలలు పట్టింది. అప్పుడు నా దగ్గరికి వచ్చేనాటికి పుండు బుగ్గను తొలిచి బయటికి వచ్చింది.

ఆయన భార్య నన్ను అడిగిన మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. "ఆదివారం ఆసుపత్రి ఉండదని మాకెట్ల తెలుస్తాది సార్? ఆ గాజుబిళ్లలు గూడా తేవల్లని మీ చీటీలో రాయలేదంట గదా."

ఆమె నన్ను నిందించలేదు. నిజంగా తెలియక అడిగింది. ఆయన ఆ మరుసటి ఏడాది వేసవి దాటలేదు. మొదటిసారే చికిత్స జరిగి ఉంటే తప్పక బ్రతికేవాడని నేను అనలేను. ఆ నాలుగు నెలల ముందు ఆ పుండు శస్త్రచికిత్సకు అందేదని మాత్రం నాకు తెలుసు. నేను జబ్బు చూశాను, ఆసుపత్రి పేరు వ్రాశాను. ఆ రెండింటికీ నడుమ ఒక ప్రయాణం ఉందని నాకు తట్టలేదు.

రెండవవారు మా అక్క. ఉద్యోగ విరమణ తరువాత, డెబ్బై ఎనిమిదేళ్ల ఆమెను గుండె పరీక్ష కోసం నేనే బెంగళూరుకు తీసుకువెళ్లాను. వైద్యుడైన తమ్ముడు వెంట ఉన్నాడు కదా అని ఇంటిల్లిపాదీ నిశ్చింతగా ఉన్నారు. ఓపీ వరుసలో నిలబడిన అక్క కళ్లు తిరిగి నా భుజం మీదకు ఒరిగిపోయింది. నాలుక పిడచకట్టి ఉంది. రక్తపుపోటు బాగా పడిపోయింది. సెలైన్ ఎక్కించాక తేరుకుంది. ప్రొద్దుటి నుండి ఒక్క చుక్క నీరు ముట్టలేదని అప్పుడు తెలిసింది.

"ఎందుకు తాగలేదక్కా?" అని అడిగాను.

"తాగితే బస్సు యాడ నిలుపుతార్రా?" అంది.

నీరు ఎక్కువగా పోవడానికి ఇచ్చే మాత్ర ఆమె ఆ ఉదయం వేసుకుంది. మూత్రానికి వెళ్లవలసి వస్తుందన్న భయంతో నీళ్లు మానేసింది. ఎండాకాలం, నాలుగున్నర గంటల ప్రయాణం. ఆమె పడిపోవడంలో వింత లేదు. ప్రక్క సీటులో కూర్చున్న వైద్యుడు ఒక్కసారి కూడా అడగకపోవడమే వింత.

ఈ రెండు సంఘటనల నుండి నేను నేర్చుకున్నది ఒకే విషయం. నగర ప్రయాణానికి అందరికీ సరిపోయే ఒక ప్రణాళిక ఉండదు. వెళుతున్న మనుషులలో ఎవరు అందరికంటే బలహీనులో చూసి, వారి నడక, వారి ఆకలి, వారి మందుల వేళలను బట్టి దానిని తయారు చేసుకోవాలి.

మొదటిసారి వెళ్లే రోగి

బయలుదేరే ముందు తెలుసుకోవలసినవి నాలుగు: ఏ విభాగం, దాని ఓపీ ఏ వారం, టోకెన్ ఏ వేళకు ఇస్తారు, ఏమేమి వెంట తేవాలి. పెద్ద ఆసుపత్రులలో ఒక్కొక్క వైద్య బృందానికి ఒక్కొక్క వారం ఉంటుంది. ఫోను చేసి కనుక్కోండి, లేదా ఆ ఆసుపత్రి వెబ్‌సైటును ఇంట్లోని పిల్లల చేత చూపించుకోండి. ఆదివారాలతో పాటు కర్ణాటక సెలవులను కూడా చూసుకోవాలి. నవంబరు 1న అక్కడ కన్నడ రాజ్యోత్సవం, సెలవు. మన క్యాలెండరు మాత్రమే చూసుకొని వెళ్లేవారు ఇటువంటి రోజులలోనే ఇబ్బంది పడతారు. వీలైతే ఆదివారం మధ్యాహ్నం బయలుదేరి, ఆసుపత్రికి దగ్గరలో బస చేసి, సోమవారం ఉదయం వరుసలో నిలబడడం కంటే, సోమవారం రద్దీని వదిలి మంగళవారమో బుధవారమో వెళ్లడం మేలు.

ఆసుపత్రి నగరంలో ఏ మూల ఉన్నదో ముందే తెలిసి ఉండాలి. నిమ్హాన్స్, కిద్వాయి క్యాన్సరు ఆసుపత్రి, ఇందిరాగాంధీ పిల్లల ఆసుపత్రి దగ్గర దగ్గరగా, నగరానికి దక్షిణాన ఉన్నాయి. జయదేవ గుండె ఆసుపత్రి జయనగర వైపు, బన్నేరుఘట్ట రోడ్డులో ఉంది. విక్టోరియా ఆసుపత్రి కె.ఆర్. మార్కెట్టు మెట్రో స్టేషనుకు సమీపాన ఉంది. వైట్‌ఫీల్డు సత్యసాయి ఆసుపత్రి నగరానికి తూర్పు చివర. మెజెస్టిక్ నుండి ఊదారంగు మెట్రో మార్గంలో వెళితే ఆ ఆసుపత్రి పేరుతోనే స్టేషను ఉంది. మన వైపు బస్సులు హెబ్బాళ్ మీదుగా నగరంలోకి వస్తాయి. అక్కడ దిగితే దగ్గరా, మెజెస్టిక్ దాకా పోవాలా అన్నది బయలుదేరే ముందే నిర్ణయించుకోవాలి. రైళ్లలో కొన్ని యశవంతపురంలోనే ఆగిపోతాయి, టికెట్టు మీద చివరి స్టేషను పేరు చూసుకోండి.

కాగితాలను తేదీల వరుసలో ఒక సంచిలో పెట్టండి. స్కానింగు చేయించి ఉంటే రిపోర్టుతో పాటు ఫిల్ములు, సీడీ కూడా. ముక్క పరీక్ష జరిగి ఉంటే గాజు స్లైడ్లు, మైనపు దిమ్మె అడిగి తీసుకోండి. వాటిని అడిగే హక్కు మీకు ఉంది. వేసుకుంటున్న మందుల అట్టలు, ఆధారు, రేషను కార్డు నకళ్లు ఉంచుకోండి. ప్రతి కాగితానికీ ఫోనులో ఒక ఫోటో ఉండాలి. డాక్టర్ ఎన్టీఆర్ వైద్యసేవ క్రింద బెంగళూరులో కొన్ని ఆసుపత్రులలో, కొన్ని చికిత్సలకు మాత్రమే అవకాశం ఉంటుంది. మీ జబ్బుకు అది వర్తిస్తుందో లేదో ఇక్కడి ఆరోగ్యమిత్రను అడిగి బయలుదేరండి. అక్కడికి పోయాక అడిగితే ప్రయోజనం లేదు. క్యాన్సరు రోగులకు, గుండె శస్త్రచికిత్సకు వెళ్లేవారికి, డయాలిసిస్ రోగులకు రైలు చార్జీలో రాయితీ ఉంది, వెంట వెళ్లే ఒకరికి కూడా. అందుకు ఆసుపత్రి ఇచ్చే ధ్రువపత్రం కావాలి.

వృద్ధులు

అరవై దాటినవారికి బస్సు కంటే రైలు మేలని నా అభిప్రాయం. ధర్మవరం, పెనుకొండ, హిందూపురం, గౌరీబిదనూరు మీదుగా వెళ్లే రైలులో మరుగుదొడ్డి ఉంటుంది, లేచి నాలుగడుగులు వేయడానికి చోటు ఉంటుంది. నీళ్లు మానేయవలసిన పని ఉండదు. బస్సే శరణ్యమైతే గంటగంటకు కొద్దికొద్దిగా త్రాగించండి, బస్సు ఆగిన ప్రతిచోటా దించండి. మూత్రం ఎక్కువగా పోయే మాత్రను ఆ రోజు ఏ వేళకు వేసుకోవాలో మీ వైద్యుని అడగండి. తమంతట తాము మానేయకూడదు. గుండె, మూత్రపిండాల జబ్బుతో నీటికి పరిమితి ఉన్నవారు ఆ పరిమితిలోనే త్రాగాలి.

నాలుగు గంటలకు మించి కదలకుండా కూర్చుంటే పిక్కల సిరలలో రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది. ఇటీవల శస్త్రచికిత్స జరిగినవారు, పూర్వం గడ్డలు కట్టినవారు, స్థూలకాయులు మరింత జాగ్రత్తగా ఉండాలి. కూర్చున్నచోటే పాదాలను పైకీ క్రిందికీ ఆడిస్తూ ఉండాలి. ప్రయాణం తరువాత ఒక పిక్క వాచి నొప్పి పెట్టినా, ఆయాసం వచ్చినా ఆలస్యం చేయకుండా వైద్యునికి చూపించాలి. ఆసుపత్రి గేటు దగ్గర చక్రాల కుర్చీ అడగడానికి సిగ్గుపడవద్దు. మా అక్క మొదట ఒప్పుకోలేదు. కూర్చున్నాక, "ఇది ముందే చెప్పకపోతివే" అంది.

మధుమేహం ఉన్నవారు

ఖాళీ కడుపుతో పరీక్ష ఉందని ఉదయం ఏమీ తినకుండా వెళతారు, అలవాటు కొద్దీ చక్కెర మాత్ర మాత్రం మ్రింగుతారు. పరీక్ష పదకొండు గంటల దాకా జరగదు. ఆ లోపల చెమటలు, వణుకు, తత్తరపాటు, స్పృహ తప్పడం. ఓపీ వరుసలలో పడిపోయేవారిలో ఇటువంటివారిని ఎందరినో చూశాను. భోజనం వాయిదా పడితే ఏ మందు వాయిదా వేయాలో, దేనిని వేయకూడదో ముందుగానే వైద్యుని అడిగి కాగితం మీద వ్రాయించుకోండి. రక్తపుపోటు మాత్రను చాలామంది గుక్కెడు నీళ్లతో వేసుకోవచ్చు.

జేబులో పంచదార గాని గ్లూకోజు పొడి గాని ఉండాలి. లక్షణాలు కనబడగానే మూడు చెంచాలు నీళ్లలో కలిపి త్రాగించండి. మన చెనిక్కాయల ఉండ ఆకలికి మంచిదే, పడిపోయిన చక్కెరను తక్షణం పెంచే శక్తి దానికి లేదు. స్పృహ లేనివారి నోటిలో ఏమీ పోయకూడదు. ఇన్సులినును బస్సు డిక్కీలో, కిటికీ ప్రక్క ఎండలో పెట్టకూడదు, మంచుగడ్డకు నేరుగా తగిలించకూడదు. తడిగుడ్డ చుట్టిన చిన్న డబ్బాలో పెట్టి చేతిసంచిలో ఉంచుకోండి. రెండు రోజుల పనికి వెళ్లినా ఐదు రోజుల మందులు వెంట ఉండాలి.

గర్భిణులు, పసిపిల్లలు

గర్భిణులకు నాలుగవ నెల నుండి ఏడవ నెల వరకు ప్రయాణం కొంత సుఖం. నెలలు నిండుతున్నవారు దూర ప్రయాణం పెట్టుకోకూడదు. రక్తస్రావం, ఉమ్మనీరు పోవడం, తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారడం ఉంటే బెంగళూరు దారి పట్టకుండా దగ్గరి ప్రసూతి ఆసుపత్రికే చేరాలి. పరీక్షల కార్డు సదా చేతిలో ఉండాలి. పసిపిల్లలకు కాచి చల్లార్చిన నీళ్లు, ఓఆర్ఎస్ పొట్లాలు తీసుకువెళ్లండి. చనుబాలు త్రాగే బిడ్డకు ప్రయాణంలో అంతకు మించిన ఆహారం లేదు. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్లకు పైన ఉంది. మన ఎండకు అలవాటు పడ్డ పిల్లలకూ ముసలివారికీ అక్కడి సాయంకాలం చలి తెలుస్తుంది. ఒక దుప్పటి పట్టుకుపోండి.

తోడు వెళ్లేవారు

మనలో రోగి వెంట భార్యో, తల్లో ఒంటరిగా వెళుతుంది. రాత్రి నిద్ర లేదు, సరైన తిండి లేదు, తన మాత్రలు ఊళ్లోనే మరచిపోయి వస్తుంది. మూడవ నాటికి ఆమె కూడా రోగి అవుతుంది. వీలైనంతవరకు ఇద్దరు వెళ్లండి. ఒకరు వరుసలో నిలబడితే మరొకరు రోగి దగ్గర ఉంటారు. కొన్ని పెద్ద ఆసుపత్రుల ఆవరణలలో రోగుల బంధువులకు ధర్మశాలలు ఉన్నాయి. బయట గది వెతికే ముందు వాటిని గురించి విచారించండి. బెంగళూరులో తెలుగు తెలిసినవారు అడుగడుగునా ఉంటారు, భాషకు భయపడనక్కరలేదు. వైద్యుడు చెప్పిన దానిని మాత్రం, "నాకు అర్థమైనది ఇదీ, సరేనా?" అని తిరిగి చెప్పి ఖాయం చేసుకోండి. మళ్లీ ఎప్పుడు రావాలి, రాకుండా ఫోను ద్వారా చూపించుకోవచ్చునా అని తప్పక అడగండి. ప్రభుత్వ ఈ-సంజీవని వంటి సదుపాయాల వల్ల ప్రతి చిన్న మాటకూ 210 కిలోమీటర్లు వెళ్లే అవసరం కొంత తగ్గింది.

బయలుదేరకూడని రోగి

గుండెపోటు, పక్షవాతం వచ్చినప్పుడు బెంగళూరు ప్రణాళిక వేయకూడదు. ఒక ఉపాధ్యాయ మిత్రునికి రాత్రి వేళ ఛాతీనొప్పి వచ్చింది. కొడుకులు ప్రేమ కొద్దీ నేరుగా బెంగళూరుకే కారు తిప్పారు. పెనుకొండ దాటాక ప్రాణం పోయింది. గుండె రక్తనాళంలోని గడ్డను కరిగించే మందు ఎంత త్వరగా ఇస్తే అంత మేలు. పక్షవాతంలో అటువంటి మందుకు గడువు నాలుగున్నర గంటలు. ఆ గడువంతా బస్సు ప్రయాణానికే సరిపోతుంది. మూతి వంకర పోవడం, చెయ్యి పడిపోవడం, మాట తడబడడం కనబడిన క్షణాన గడియారం చూసి సమయం గుర్తుపెట్టుకోండి. 108కి ఫోను చేసి, స్కానింగు ఉన్న దగ్గరి ఆసుపత్రికి చేర్చండి. అక్కడ నిలదొక్కుకున్నాక పైకి పంపడం వైద్యులు చూసుకుంటారు.

తీరికగా చేయించుకోగల చికిత్సలకు కూడా ముందు దగ్గరి ద్వారాలు తట్టండి. అనంతపురంలో ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి, బత్తలపల్లిలో ఆర్డీటీ ఆసుపత్రి ఉన్నాయి. పుట్టపర్తిలో 1991 నుండి ఉచితంగా గుండె శస్త్రచికిత్సలు చేస్తున్న సత్యసాయి ఆసుపత్రి ఉంది. మరో దిక్కున కర్నూలు పెద్దాసుపత్రి ఉంది. ఇక్కడ అయ్యే వైద్యానికి నగరం ఎక్కి అలసిపోవడం ఎందుకు?

నగరం చూడాలని వచ్చేవారు

వైద్యం పనికి వెళ్లేవారి వెంట, ఊరు చూద్దామని ఒక మేనల్లుడో, మనవరాలో వస్తారు. అది తప్పు కాదు. ఆసుపత్రి గోడల మధ్య మూడు రోజులు గడిపిన మనసుకు కాస్త గాలి కావాలి. మొదటి రోజు మాత్రం రోగిని వెంట త్రిప్పవద్దు. రిపోర్టులు వచ్చి, వైద్యుడు చూశాక, ఒకే ఒక చోటు ఎంచుకోండి.

మేము చివరి రోజు సాయంకాలం లాల్‌బాగ్‌కు వెళ్లాం. హైదర్ అలీ 1760లో మొదలుపెట్టిన తోట అది. లోపల ఒక పెద్ద బండ ఉంది. దాని వయస్సు సుమారు 300 కోట్ల సంవత్సరాలని శాస్త్రజ్ఞులు చెబుతారు. అందరూ పైకి ఎక్కుతున్నారు. అక్క ఎక్కలేదు. అంచున నీడలో కూర్చొని, అరచేత్తో రాతిని తడిమి, "మన ఊరి గుండు మాదిరే ఉందిరా" అంది. చేతిలో నీళ్ల సీసా ఉంది. అడగకుండానే త్రాగింది. మరుగుదొడ్డి ఎక్కడుందో తోటలోకి రాగానే చూసి పెట్టానని అంతకుముందే ఆమెతో చెప్పాను.

ఇప్పుడు నాకు ఆసుపత్రి లేదు, ముద్ర లేదు. అయినా వీధిలోనివారు, బంధువులు చీటీలు పట్టుకొని వస్తూనే ఉంటారు. వైద్యం విషయం చీటీ వ్రాసిన వైద్యునికే వదిలేస్తాను. దానిని త్రిప్పి, ఖాళీగా ఉన్న వెనుక ప్రక్కన నా చేతివ్రాతతో వ్రాసి ఇస్తాను: ఏ వారం వెళ్లాలి, ఎక్కడ దిగాలి, ఏమి పట్టుకుపోవాలి, ఎప్పుడు తినాలి, ఏ మందు మానకూడదు, ఎవరికి ఫోను చేయాలి. పది నిమిషాల పని. 2002లో నాకు ఆ పది నిమిషాలు దొరకలేదని అనుకునేవాడిని.

మీ వైద్యుడు మిమ్మల్ని నగరానికి వెళ్లమని చీటీ ఇచ్చినప్పుడు వెంటనే లేచి రావద్దు. చీటీని త్రిప్పి ఆయన ముందు పెట్టి, "ఇక్కడ కూడా వ్రాయండి సార్" అని అడగండి. ఆయన విసుక్కున్నా సరే, అడగండి.